గకు ఓత్వమిస్తే గో

తెనాలి స్టేషన్లో ఒకసారి నాకు బంతిపూల దండ వేసి, కొబ్బరికాయ కొట్టి, కళ్ళొత్తుకుంటూ రైలెక్కించారు. మూడు రోజులు తిరక్కుండానే నేను అదే స్టేషన్లో దిగి, తల మీద తువ్వాలు కప్పుకుని, గూడ్సు షెడ్డు పక్కనుంచి దొంగలా బయటికొచ్చాను. ఈ మధ్యలో నేను చేసిన ఘనకార్యం వింటే మీరు నవ్వుతారు. నవ్వండి. నేనూ నవ్వుతూనే చెప్తాను. మధ్యలో ఎక్కడైనా ఆగితే దగ్గొచ్చిందనుకోండి.

తొంభైల మొదట్లో సంగతి ఇది. ఎరువుల కంపెనీలో సేల్స్ ఆఫీసరుని. సొంతూరు శ్రీకాకుళం అవతల. నా ఇలాకా తెనాలి, బాపట్ల, రేపల్లె. పొద్దున్నే లేచి రేపల్లె ప్యాసింజరో, బాపట్ల బండో ఎక్కడం, డీలర్ల కొట్లు తిరగడం, చీకటి పడే వేళకు తెనాలిలో నా మేడ మీద గదికి చేరడం. పెళ్ళి కాలేదు. స్నేహితులు లేరు. "యూరియా ఎప్పుడొస్తుందండీ?" "వస్తుందండి." అన్ని సంవత్సరాల్లో ఆ మూడు ఊళ్ళలో నేను మనుషులతో జరిపిన సంభాషణ దాదాపు ఇంతే.

రాత్రి కిరసనాయిలు స్టవ్వు మీద అన్నం వండుకుని కంచం ముందు కూర్చునేవాణ్ణి. "ఇంకొంచెం వడ్డించమంటావా?" అని నన్ను నేనే అడిగేవాణ్ణి. "అబ్బే, చాలండి" అని మర్యాదకి అనేవాణ్ణి కూడా. ఇలాంటివాడు ఎప్పుడో ఒకప్పుడు ఏదో ఒక తప్పు చేస్తాడని మీకీపాటికి అర్థమై ఉంటుంది.

ఆ ఏడు మద్రాసు నుంచి మాకు కొత్త రీజనల్ మేనేజరు వచ్చారు. ఆఫీసు హైదరాబాదులో. బాపట్లలో డీలర్ల సమావేశం పెట్టి, అది అయ్యాక మా సేల్స్ వాళ్ళందరినీ భోజనాలకి కూర్చోబెట్టి, పెరుగన్నం కలుపుకుంటూ అడిగారు.

"ఇక్కడ ఎవరైనా గోల్ఫ్ ఆడతారా?"

అందరూ విస్తళ్ళలోకి చూశారు. ఆయన అందరి మొహాలూ చూసి, కొంచెం నీరసంగా నవ్వి, "ఊరికే అడిగాను. ఆదివారం పూట నాతో ఆడ్డానికి ఎవరూ దొరకడం లేదు" అన్నారు.

ఆ నీరసం నాకు బాగా తెలిసిన నీరసం. రోజూ మా గదిలో అద్దంలో చూసేదే. యూరియా గురించి కాకుండా ఇంకో విషయం గురించి ఒక మనిషి ప్రశ్న వేసి, జవాబు కోసం చూస్తున్నాడు. నా చెయ్యి దానంతటదే లేచింది.

"నేనాడతానండి."

గోల్ఫ్ నేను చూసింది మంగలి షాపు కేలండర్లో. పచ్చటి గడ్డి మీద ఒకాయన నడుం తిప్పి కర్ర ఎత్తి ఉంటాడు. అంతే.

"నిజమా, మూర్తీ? మీ సెట్ ఎక్కడుంది?"

"మా ఊళ్ళో ఉందండి." సెట్టంటే ఏమిటో నాకు తెలియదు. టీ కప్పుల సెట్టు మా ఊళ్ళో ఉన్నమాట నిజమే.

"అయ్యో, మరి ప్రాక్టీసు? ఉండండి, కార్లో నా పాత ఐరన్ ఉంది, ఇస్తాను."

ఇస్త్రీపెట్టె ఇస్తారేమిటా అనుకున్నాను. కారు డిక్కీ తీసి, చివర ఇనప నాలుక ఉన్న కర్ర ఒకటి, తెల్లటి బంతి ఒకటి ఇచ్చారు. వచ్చే నెల హైదరాబాదులో మీటింగు ఉందనీ, ఆ ఆదివారం పొద్దున్నే ఇద్దరం కలిసి ఆడదామనీ అన్నారు. మీలాంటివారు పక్కనుంటే ఎంత బాగుండును, ఆఫీసులో సీటు ఖాళీ ఉంది, చూద్దాం అని కూడా అన్నారు.

"కానీ టూర్లతో నాకు టైము ఉండదండి" అన్నాను, తప్పించుకోవడానికి ఒక కిటికీ తెరిచి పెట్టుకుందామని.

ఆయన ఆ కిటికీ మూసేశారు. "టైము ఎవరికుంటుంది? రోజుకి పది నిమిషాలు చాలు. ఆ పది నిమిషాల్లో బంతి కొట్టద్దు. బంతి కొడితే దాన్ని వెతుక్కోవడంతో సరిపోతుంది. ఒట్టి ఊపు. నెమ్మదిగా. అద్దం ముందు. తల మాత్రం కదలకూడదు. ఏం జరిగినా సరే, తల కదలకూడదు."

ఆ మాట నేను వేదంలా పట్టుకున్నాను. బంతిని పెట్టెలో పెట్టి తాళం వేశాను. మీరు గమనించారో లేదో, గోల్ఫ్ చరిత్రలో బంతి అవసరం లేకుండా గోల్ఫ్ నేర్చుకోవడానికి పూనుకున్న మొదటి మనిషిని నేనే అయి ఉంటాను.

మొదటి ఊపుకి బల్బు పోయింది. రెండో ఊపుకి దండెం మీద లుంగీ కర్రకి చుట్టుకుని, జెండాలా గది చుట్టూ తిరిగొచ్చి నా మొహం మీద పడింది. తల మాత్రం కదల్లేదు. నాకు చెప్పలేనంత ఆనందం వేసింది. అన్నం ఉడికేలోపు సగం ఊపులు, పళ్ళు తోముకుంటూ ఒంటిచేతి ఊపులు. రేపల్లె స్టేషన్లో బండి కోసం కాచుకునేటప్పుడు ప్లాట్‌ఫారం చివరికి పోయి గొడుగుతో ఊపులు. ఒకసారి ఊపు మధ్యలో గొడుగు విచ్చుకుని, నేను గాలిపటంలా రెండడుగులు వెనక్కి పోయాను.

కొన్నాళ్ళకి గది ఇరుకనిపించి, తెల్లారుజామున డాబా మీదకి మారాను. అద్దం కూడా పట్టుకెళ్ళి పిట్టగోడకి ఆనించేవాణ్ణి. తూర్పు ఎర్రబడుతుంటే, అద్దంలో వాడొకడు, ఇక్కడ నేనొకణ్ణి. "బావుందిరా" అనేవాణ్ణి. వాడూ అదే అనేవాడు. అన్ని రోజుల్లో నా ఊపు చూసి ఎవరన్నా బావుందన్నారంటే వాడొక్కడే.

అయితే ఒట్టి గాలిని ఎన్నాళ్ళని కొడతాం చెప్పండి. బంతి వాడకూడదు గాని, బంతి లాంటిది వాడకూడదని ఆయన అనలేదు. మాది తెనాలి. నిమ్మకాయలకి కరువా? నాలుగు పండువి తెచ్చి డాబా మీద వరసగా పేర్చాను. మూడు నిమ్మకాయల మీద నుంచి ఇనప నాలుక వెళ్ళిపోయింది. నాలుగోది తగిలింది. ఎలా తగిలిందంటే, సగం నా కంట్లో చిమ్మి, మిగతా సగం కింద మా ఇంటివాళ్ళ వాకిట్లో అప్పుడే వేసిన ముగ్గు మధ్యలో పడింది.

తెల్లారకుండా వాకిట్లో తెగిన నిమ్మకాయ! కింద ఎంత గొడవైందో మీరు ఊహించుకోవచ్చు. ఇంటాయన రిటైరైన తెలుగు మాష్టారు. కుడిచెవి కొంచెం మందం. ఆయన భార్యని నేను పిన్నిగారూ అని పిలిచేవాణ్ణి, అద్దె ఇచ్చేటప్పుడు. మిగతా రోజుల్లో పిలవాల్సిన పని పడలేదు.

"ఎవరో చేతబడి చేశారండీ!" అని పిన్నిగారి కేక.

"మన మీద ఎవరు చేస్తారే? నేను ఎవడికన్నా మార్కులు తగ్గించానా?" అంటూ మాష్టారు మెట్లెక్కి పైకి వచ్చేశారు. చేతిలో కర్ర, కాళ్ళ దగ్గర నిమ్మకాయలు, ఎదురుగా అద్దం, ఒక కన్ను మూసుకుని కన్నీళ్ళు కారుస్తూ నేను. ఆ దృశ్యం చూసి ఆయన మెట్ల దగ్గరే ఆగిపోయారు.

"ఏంటయ్యా ఇదీ?"

"గోల్ఫండీ."

"ఏంటి?"

"గోల్ఫ్! గోల్ఫ్ కోసం ప్రాక్టీసండీ! వచ్చే నెల వెళ్ళాలండి!"

మాష్టారి మొహం విచ్చుకుంది. "ఓహో, గల్ఫా! ముందే చెప్పొచ్చుగదయ్యా! ఏమే, చేతబడీ లేదూ గీతబడీ లేదు! మన మూర్తి గల్ఫు పోతున్నాట్ట! దిష్టి తీసుకుంటున్నాడు!"

కింద నుంచి పిన్నిగారు, "అయ్యో, ఒక్కడే తీసుకుంటున్నాడా? తనకి తను తీసుకుంటే దిష్టి పోతుందా? నన్ను పిలిస్తే నేను తియ్యనూ?" అన్నారు.

ఆ ఆఖరి మాట నాకు ఎక్కడో తగిలింది. నోరు తెరిచి మళ్ళీ మూశాను.

ఆ పూటే పైకి ఉప్మా వచ్చింది. మర్నాడు పెసరట్టు. ఆ తర్వాత వీధంతా వచ్చింది. ఎన్నడూ నా మొహం చూడని ఎదురింటాయన మెట్లెక్కి వచ్చి, "వీసా స్టాంపింగ్ అయిందా అండీ?" అని అడిగాడు.

"ఇంకా లేదండి" అన్నాను. ఇది అబద్ధం కాదు కదా?

"ఆ కర్రేంటండీ?"

నేను జవాబు వెతుక్కునేలోపే మాష్టారు చెప్పేశారు. "ఒంటెల కోసం. అవి మాట వినవు."

నేను నిజం చెప్పే ప్రయత్నం చెయ్యలేదనుకోకండి. ఒకరోజు పిన్నిగారు వేడి గారెలు తెచ్చినప్పుడు గట్టిగా అన్నాను, "మాష్టారూ, గల్ఫ్ కాదండి, గోల్ఫ్."

"అదేగా. గల్ఫే. మనం గల్ఫంటాం, అక్కడివాళ్ళు నోరు గుండ్రంగా తిప్పి గోల్ఫంటారు కాబోలు. మంచిదే, భాష కూడా పట్టుబడుతోంది నీకు" అన్నారాయన. "తినవయ్యా, చల్లారిపోతాయి."

తిన్నాను. నోట్లో గారె ఉన్నవాడు సత్యం పలకడం ఎంత కష్టమో నాకు ఆరోజు తెలిసింది. నిజం చెప్పాలంటే గారె కూడా కాదు. నేను తింటుంటే ఇద్దరు మనుషులు ఎదురుగా కూర్చుని చూస్తున్నారు. "ఇంకోటి వేసుకో" అని పిన్నిగారే అన్నారు. నేను కాదు.

నా ఖర్మకి ఏం చేసినా దీనికే అతికేది. మేనేజరు గారు ఫోన్లో, "ఇసుకలో పడిన బంతిని కొట్టడం కష్టం, అదీ చూసుకోండి" అన్నారు. బాపట్ల టూరు పడినప్పుడల్లా సూర్యలంక పోయి, సముద్రం ఒడ్డున ఒక్కణ్ణే నిలబడి, ఇసుకని మోదేవాణ్ణి. ఆ పొడుగాటి తీరం మీద అలలకి నేనూ, నాకు అలలూ తోడు. ఒక డీలరు చూశాడు. ఆ సంగతి తెనాలి చేరేసరికి, "అక్కడంతా ఇసుకేగా, పాపం ఇప్పట్నుంచే అలవాటు చేసుకుంటున్నాడు" అయింది.

ఇక్కడిదాకా నవ్వేశాను. ఇక్కడ కొంచెం దగ్గొస్తోంది.

రేపల్లె ప్యాసింజరులో రమణమ్మ అని చేపలమ్మే ఆవిడ రోజూ వచ్చేది. నిజాంపట్నం వైపు మనిషి. తెల్లవారి బండికి బుట్టలతో తెనాలి వచ్చి, వీధులు తిరిగి అమ్ముకుని, ఖాళీ బుట్టలతో వెనక్కి పోయేది. నేను రేపల్లె టూరుకి ఎక్కే బండి, ఆవిడ తిరుగుబండి ఒకటే. ఎన్నాళ్ళుగానో ఒకే పెట్టెలో ప్రయాణం. ఆవిడ తలుపు దగ్గర కూర్చునేది, నేను కిటికీ దగ్గర. ఒక్క మాట లేదు. పిన్నిగారింట్లో చేపలు వేసిన రోజున ఆవిడ తలుపు దగ్గర కూర్చోలేదు. బుట్ట నా కాళ్ళ దగ్గర దించి, ఎదురుగా కూర్చుంది.

"బాబూ, గల్ఫు పోతన్నావంటగా?"

నేను అటూ ఇటూ కాకుండా తలాడించాను. ప్రాక్టీసు చూడండి, తల కదపకూడదని నేర్చుకున్నవాణ్ణి సరిగ్గా అక్కడ కదిపాను.

"మా తమ్ముడు ఏడుకొండలు అక్కడే ఉన్నాడు బాబూ. బోటు మీద పని. ఏడాది దాటింది, కబురు లేదు. వాడు కనపడితే ఏడుకొండలూ, మీ అక్క అడిగిందిరా అని ఒక్క మాట చెప్తావా?"

"అదేమన్నా చిన్న ఊరా అక్కా..." అన్నాను.

"సముద్రం పక్కనే ఉంటాడు బాబూ. సముద్రం పక్కకి పోతే కనపడతాడు" అంది రమణమ్మ, రేపల్లెలో గడియారం కొట్టు ఆనవాలు చెప్పినంత తేలిగ్గా.

అప్పుడు చెప్పాలి. చెప్పలేదు. ఎందుకంటే ఆ రోజునుంచి ఆవిడ రోజూ ఎదురుగా కూర్చునేది. ఏడుకొండలు చిన్నప్పుడు పడవలో నిద్రపోయి ఎక్కడికో కొట్టుకుపోయిన సంగతి, వాడికి గోంగూరలో ఎండురొయ్యలంటే ప్రాణమన్న సంగతి, వాడు ఈల వేస్తే కుక్కలన్నీ వచ్చే సంగతి. "నువ్వు అన్నం తిన్నావా బాబూ?" అని మధ్యలో అడిగేది. వేమూరు, భట్టిప్రోలు దాటి రేపల్లె వచ్చేదాకా నాకొక మనిషి ఉండేది. ఆ కాస్త దూరాన్ని పోగొట్టుకోలేక నేను ఒక అక్క ఆశతో ఆడుకున్నాను. దీన్ని ఎలా చెప్పినా నవ్వుగా రాదు, అందుకే మామూలుగా చెప్పేశాను.

పైగా నాకో దొంగ ధీమా. గోల్ఫ్ బాగా ఆడితే మేనేజరు గారు హైదరాబాదు సీటు ఇచ్చేస్తారు. నేనిక తెనాలి రాను. వీళ్ళందరూ నన్ను గల్ఫులో ఉన్నాననుకుంటూ ఉండిపోతారు. ఎవరికీ నష్టం లేదు. ఇక ఊపు మీదే ఆధారపడి ఉంది అంతా. ఆ వారం రేపల్లెలో నేను ఊపని గొడుగు లేదు.

ప్రయాణం రోజు సాయంత్రం స్టేషన్‌కి వీధి వీధంతా వచ్చింది. బంతిపూల దండ ఎదురింటాయన వేశాడు. పిన్నిగారు దిష్టి తీసి, "వేళకి తిను" అన్నారు. మాష్టారు, "పాస్‌పోర్టు జాగ్రత్త. ఏదీ, లోపలే ఉందా?" అన్నారు. నేను జేబు తట్టాను. జేబులో దువ్వెన ఉంది.

బండి కదిలే ముందు రమణమ్మ పరుగెత్తుకుంటూ వచ్చింది. తాటాకు బుట్ట ఒకటి కిటికీలోంచి నా ఒళ్ళో పెట్టింది.

"ఎండురొయ్యలు బాబూ. వాడి చేతికే ఇవ్వు. ఇంకెవరికీ ఇవ్వద్దు."

"ఇస్తాను అక్కా."

బండి కదిలింది. వాళ్ళందరూ చేతులూపారు. నేను దండతో, కర్రతో, బుట్టతో కూర్చుని ఏడ్చాను. పక్కసీటాయన, "ఎన్నేళ్ళకి వస్తారండీ మళ్ళీ?" అని ఓదార్పుగా అడిగాడు. చెప్పడానికి సిగ్గేసింది. మీటింగు సోమవారం మధ్యాహ్నానికే అయిపోతుంది.

ఆదివారం పొద్దున మేనేజరు గారు నన్ను కారెక్కించుకున్నారు. బుట్ట లాడ్జిలో పెడదామంటే, వాసనకి లాడ్జి వాడు పొద్దున్నే గది ఖాళీ చెయ్యమన్నాడు. దాన్ని నా చేతిసంచిలో కుక్కి వెంట తెచ్చాను. కారులో రెండు కిలోమీటర్లు పోయాక మేనేజరు గారు అద్దాలు దించారు. ఇంకొంచెం పోయాక కారు ఆపి, ఇంజను తెరిచి చూసుకున్నారు.

మైదానం కేలండర్లో ఉన్నట్టే ఉంది. ఆయన మొదట కొట్టారు. బంతి ఆకాశంలోకి పోయి ఎక్కడో మెత్తగా పడింది. తర్వాత నా వంతు. కాళ్ళు ఎడంగా పెట్టాను. ఊపిరి పీల్చాను. తెనాలి డాబా, రేపల్లె ప్లాట్‌ఫారం, సూర్యలంక ఇసుక అన్నీ కళ్ళముందు మెదిలాయి. కర్ర ఎత్తాను, నడుం తిప్పాను, దించాను, చివరిదాకా తిప్పి నిలబడ్డాను. తల కదల్లేదు.

బంతి కూడా కదల్లేదు.

"అద్భుతం!" అన్నారు మేనేజరు గారు. "ఇది ప్రాక్టీసు ఊపు కదా? ఇప్పుడు కొట్టండి."

మళ్ళీ కొట్టాను. ఈసారి ఒక గడ్డిపెళ్ళ లేచిపోయి ఆయన టోపీ మీద వాలింది. మూడోసారి కర్రే చేతుల్లోంచి జారిపోయి బంతి పోవాల్సిన దిక్కుకే పోయింది. దాన్ని తీసుకురావడానికి మేమిద్దరం నడుస్తుండగా, వెనక నుంచి ఒక ఊరకుక్క వచ్చి, నా సంచిలోంచి తాటాకు బుట్ట లాక్కుని పరుగు తీసింది. పచ్చిక మీదుగా, గుంటలు దాటుకుంటూ, నేరుగా దూరాన, బంతి చేరాల్సిన చోట పాతిన జెండా దగ్గరికి పోయి అక్కడ ఆగి బుట్ట విప్పింది. ఆ రోజు మా ఇద్దరి వైపు నుంచి జెండా దాకా తిన్నగా చేరింది ఆ రొయ్యలే.

నేను "ఏయ్! అవి ఏడుకొండలివి!" అని అరుస్తూ దాని వెనకాల పరుగెత్తాను. ఈలోపు ఇంకో నాలుగు కుక్కలొచ్చాయి. నేను వెళ్ళేసరికి తాటాకులు మిగిలాయి. వాటినే ఏరుకుని అక్కడే కూలబడ్డాను.

మేనేజరు గారు నెమ్మదిగా వచ్చి నా పక్కన కూర్చున్నారు. నేను అంతా చెప్పేశాను. కేలండరు, టీ కప్పుల సెట్టు, అన్నీ. ఆయన టోపీ మీది గడ్డి దులుపుకున్నారు. చివరికి, "మూర్తీ, మీ ఊపు చాలా బావుంది. బంతి ఉన్నప్పుడే కొంచెం ఇబ్బంది" అన్నారు. నవ్వబోయి మానేశారు. మళ్ళీ ఆదివారం ఆయన ఒక్కరే ఆడుకోవాలి. హైదరాబాదు సీటు సంగతి ఆయన ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. కర్ర మాత్రం వెనక్కి తీసుకోలేదు.

అలా గూడ్సు షెడ్డు పక్కనుంచి తెనాలిలో ప్రవేశించాను. గేటు తియ్యగానే పిన్నిగారు కొయ్యబారిపోయారు.

"అదేంటి నాయనా! తిప్పి పంపేశారా?"

మాష్టారు బయటికి వచ్చారు. ఇక తప్పదు. ఆయన మంచి చెవి వైపు నిలబడి మొత్తం చెప్పాను. అర్థం కాకపోతే చూపుడువేలితో గాల్లో అక్షరాలు కూడా రాశాను.

మాష్టారి మొహం ఎర్రబడింది. "గకు ఓత్వమిస్తే గో! ఒకటో తరగతి పాఠం! ఒక్క ఓత్వం ఎగరగొట్టి వీధి వీధిచేత కొబ్బరికాయ కొట్టించావు కదయ్యా!"

ఎగరగొట్టింది ఎవరో నేను అడగలేదు. పలికినవాడు సరిగ్గానే పలికినా, గారెలు తిన్నవాడు మాత్రం నేనే.

పిన్నిగారు లోపలికి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకున్నారు. ఆ శబ్దం పెద్దదేం కాదు. ఆ మర్నాటి నుంచి పైకి ఉప్మా రాలేదు. ఎదురింటాయన మళ్ళీ నా మొహం చూడ్డం మానేశాడు.

రమణమ్మకి రైల్లో చెప్పాను. మాట తడబడుతూనే అంతా చెప్పాను, కుక్కల సంగతితో సహా. ఆవిడ వింది. తిట్టలేదు. "అయితే వాడు కనపళ్ళేదన్నమాట" అంది. బుట్ట ఎత్తుకుని వెళ్ళి తలుపు దగ్గర కూర్చుంది. వేమూరు వచ్చింది, భట్టిప్రోలు వచ్చింది. ఆవిడ బయటికి చూస్తూ ఉంది. నేను కిటికీలోంచి చూశాను. ఒకే పెట్టె. అంత పొడుగు పెట్టెని నేను తర్వాత ఎక్కడా చూడలేదు.

చాలా నెలలు అలాగే గడిచాయి. "ఇంకొంచెం వడ్డించమంటావా?" అని మళ్ళీ నన్ను నేనే అడుక్కుంటున్నాను. "ఏం మొహం పెట్టుకుని తింటావు?" అని కూడా.

ఒక ఆదివారం మధ్యాహ్నం మెట్ల మీద అడుగుల చప్పుడు. తలుపు తీస్తే రమణమ్మ. వెనకాల మెరిసే చొక్కా, నల్లకళ్ళద్దాలు, చంకలో టేప్‌రికార్డరుతో ఒక బక్కపలచటి మనిషి.

"వీడే బాబూ ఏడుకొండలు. నిన్న దిగాడు. నా రొయ్యలు తిన్న బాబుని చూపించవే అంటే తీసుకొచ్చా."

"నేను తినలేదు అక్కా, కుక్క..."

"ఏదోలే. తమ్ముడూ, కూర్చో, కింద అమ్మగారికి చేపలిచ్చొస్తా."

ఆవిడ దిగిపోయింది. ఏడుకొండలు గదంతా చూశాడు. మూలన ఆనించిన కర్ర దగ్గర చూపు ఆగింది. కళ్ళద్దాలు తీసేశాడు. మొహంలో రంగు లేదు.

"అయ్యా, ఆ కర్ర మీకెక్కడిదండీ?"

"అది గోల్ఫ్ కర్ర. నేను..."

"తెలుసండి." గొంతు తగ్గించాడు. "మా అక్కకి చెప్పకండి. నేను బోటెక్కింది లేదండి అక్కడ. ఆ కర్రలోళ్ళు ఆడుకునే పచ్చిక ఉంటది గదండీ, దానికి నీళ్ళు పెట్టే పనండి నాది. ఎడారిలో గడ్డికి పొద్దస్తమానం నీళ్ళు. సముద్రం మీద పుట్టినోణ్ణి, గడ్డి తడుపుతున్నానని ఏ మొహం పెట్టుకుని కబురు చెయ్యనండీ? అందుకే చెయ్యలేదు. ఒక్కణ్ణే ఉండేవాణ్ణి."

వీడు గల్ఫులో గోల్ఫు దాచుకుని ఒంటరిగా ఉన్నాడు. నేను గోల్ఫుకి గల్ఫు తొడుక్కుని ఇక్కడ ఒంటరిగా ఉన్నాను.

"చెప్పెయ్ ఏడుకొండలూ. చెప్తే తేలికవుతుంది" అన్నాను.

"మీరు చెప్పాక మీకు ఎంత తేలికయిందో మా అక్క చెప్పిందిలెండి" అన్నాడు.

అయినా వాడు నాకన్నా ధైర్యవంతుడు. రమణమ్మ పైకి రాగానే లేచి నిలబడ్డాడు.

"అక్కా, నీకొకటి చెప్పాలే. నేను చేసింది బోటు పని కాదు. నేను గల్ఫులో... గోల్ఫులో పన్జేశాను."

రమణమ్మ వాడి వైపూ, నా వైపూ చూసింది.

"తెలుసుగదరా! గల్ఫులో, గల్ఫులో అని రెండుసార్లు చెప్తావేంటి? ఈ బాబు దగ్గర ఒక్క పూట కూచుంటే నీకూ నత్తి పట్టుకుందా?"

ఏడుకొండలు మళ్ళీ నోరు తెరిచాడు. నన్ను చూశాడు. మూశాడు. ఇద్దరం ఒక్కసారే నవ్వడం మొదలుపెట్టాం. ఎందుకు నవ్వుతున్నామో తెలియకపోయినా రమణమ్మ కూడా నవ్వింది. ఆ గదిలో ముగ్గురు మనుషులు కలిసి నవ్వడం అదే మొదలు. అదే ఆఖరు కూడా. ఆ ఏడే నన్ను వేరే జిల్లాకి బదిలీ చేశారు. వెళ్ళేటప్పుడు ఆవిడ చిన్న తాటాకు బుట్ట నా ముందు పెట్టి, "ఇవి నీకే బాబూ. దారిలో ఎవరికీ ఇవ్వక్కర్లేదు" అంది. స్టేషన్‌కి ఎవరూ రాలేదు. ఆవిడ ఎలాగూ తన బండి కోసం స్టేషన్‌కి రావాలి కాబట్టి వచ్చింది.

అందుకని, తెలుగు వర్ణమాల సాక్షిగా నేను ప్రతిజ్ఞ చేస్తున్నాను. నాకు రాని ఆట ఆడతానని ఏ భోజనాల బంతిలోనూ చెయ్యెత్తను. గ అక్షరంతో మొదలయ్యే మాట దేన్నీ, పలక మీద రాసి, ఓత్వం ఉందో లేదో అవతలివారిచేత వేలు పెట్టి చూపించుకోకుండా, నోట పలకను. నోట్లో గారె ఉండగా అసలు మాట్లాడను.

ఈ ప్రతిజ్ఞని ఇన్నేళ్ళూ కాపాడుకుంటూ వచ్చాను. మొన్న ఉదయం వాకింగులో, రోజూ ఒక్కణ్ణే తిరిగే నన్ను ఒక పెద్దాయన ఆపి, "మాతో గోల్కొండ చూడ్డానికి వస్తారా అండీ?" అని అడిగాడు. వెళ్ళాలని ఎంత ఉందో చెప్పలేను. కాళ్ళు ఎడంగా పెట్టి, ఊపిరి పీల్చి, నిలబడ్డాను.

తల మాత్రం కదల్చలేదు.